అరుదైన కేన్సర్లూ, మన డేటా మేధావులూ

"ఈ డాక్టర్ల సొసైటీలు చేసేదేముంది బాస్? ఏడాదికోసారి పెద్ద హోటల్లో కాన్ఫరెన్సు, మెళ్ళో ట్యాగు, చేతిలో బ్యాగు. ఆ డేటా ఏదో మనకి పడేస్తే ఓ మోడల్ ట్రెయిన్ చేసిపారేస్తాం కదా!"

మన ఐటీ జనాల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయ్యా, పడేయడానికి డేటా ఎక్కడుందండీ?

హెపటోబ్లాస్టోమా అని ఒకటుంది. పసిపిల్లల కాలేయానికి వచ్చే కేన్సర్. పదిలక్షల మంది పిల్లల్లో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఎంత పెద్ద ఆసుపత్రికైనా ఏడాదికి వచ్చేవి వేళ్ళమీద లెక్కపెట్టే కేసులే. వాటితో ఏం ట్రెయిన్ చేస్తారు, మీ తలకాయ?

1969లో పుట్టిన పిల్లల కేన్సర్ డాక్టర్ల అంతర్జాతీయ సొసైటీ 'సియాప్' ఇక్కడే పనికొచ్చింది. దాని కాలేయ కేన్సర్ల విభాగం 'సియాపెల్' 1990లో మొదటి ట్రయల్ మొదలుపెట్టింది. అమెరికా, జర్మనీ, జపాన్ గ్రూపులు ఎవరి ట్రయల్స్ వాళ్ళు నడుపుకున్నాయి. తర్వాత ఈ నలుగురూ 'చిక్' అనే పేరుతో చేతులు కలిపి, 25 ఏళ్ళలో జరిగిన 8 ట్రయల్స్ నుంచి 1605 మంది పిల్లల వివరాలు ఒకే డేటాబేసులోకి తెచ్చారు.

కాపీ, పేస్టు అనుకునేరు! యూరప్ వాళ్ళు ఆపరేషన్‌కి ముందే స్కాన్ చూసి, కాలేయాన్ని నాలుగు భాగాలుగా లెక్కేసి, గడ్డ ఎన్ని భాగాలు ఆక్రమించిందో దాన్నిబట్టి స్టేజి రాసేవాళ్ళు. అమెరికా వాళ్ళు ఆపరేషన్ అయ్యాక ఎంత మిగిలిందో చూసి రాసేవాళ్ళు. కాలమ్ పేరు 'స్టేజి'యే, అర్థం మాత్రం వేరు. మనమైతే రెండూ కలిపి జాయిన్ కొట్టి, యాక్యురసీ చూసుకుని చంకలు గుద్దుకుందుం. వాళ్ళు కూర్చుని, వాదించుకుని, ఒక కొలతకి ఒప్పుకున్నారు. ఏ పిల్లాడికి ఎంత ప్రమాదముందో చెప్పే ఉమ్మడి వర్గీకరణ 2017లో అచ్చయింది. తేదీ ఫార్మాటు మీద రెండు టీములు ఒప్పుకోవడానికి మూడు స్ప్రింట్లు తినే మనం వీళ్ళని వెక్కిరిస్తున్నాం!

ఇంకో సంగతి. ఈ పిల్లలకిచ్చే సిస్‌ప్లాటిన్ మందు ప్రాణం కాపాడుతుంది గానీ చాలామందికి వినికిడి పోగొడుతుంది. సోడియం థయోసల్ఫేట్ దాన్ని అడ్డుకోవచ్చు. అదేమీ కొత్తది కాదు, సైనైడ్ విషానికి విరుగుడుగా ఎప్పట్నుంచో వాడుతున్నదే. కానీ చెవితోపాటు గడ్డని కూడా కాపాడేస్తేనో? ఆ భయం తీరాలంటే ట్రయల్ ఒక్కటే దారి. సియాపెల్ 12 దేశాల్లో 52 కేంద్రాలు తిరిగి, ఏళ్ళ తరబడి పిల్లల్ని చేర్చుకుంటే తేలింది 109 మంది! సిస్‌ప్లాటిన్ ఇచ్చిన 6 గంటల తర్వాత ఈ మందిస్తే, వినికిడి దెబ్బతిన్నవాళ్ళు 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గారు. బతికినవాళ్ళ సంఖ్య తగ్గలేదు. 2018లో ఫలితాలొచ్చాయి, 2022లో అమెరికా అనుమతిచ్చింది.

నత్తనడకే, ఒప్పుకుంటాను. కాన్ఫరెన్సుల్లో ఆర్భాటమూ ఉంటుంది. కానీ ఏ ఆసుపత్రీ ఒంటరిగా, ఏ కంపెనీ లాభం చూసుకుని ఈ 109 మందిని పోగుచెయ్యలేదు. వేర్వేరు దేశాల డాక్టర్లు ఒకే పద్ధతిలో వైద్యం చేసి, ఒకే ఫారం నింపాలంటే, ఎవరి మీదా అధికారం లేకపోయినా అందరూ మాట వినే వేదిక ఒకటి ఉండాలి.

ఆ నాలుగు గ్రూపుల్లో మనది లేదు. మన దగ్గరా ఇండియన్ పీడియాట్రిక్ ఆంకాలజీ గ్రూప్ ఆసుపత్రుల్ని కలిపి ట్రయల్స్ నడిపిస్తోంది. వాళ్ళకి మన మోడల్ కన్నా ముందు కావాల్సింది ఫారాలు సరిగ్గా నింపించే సాఫ్ట్‌వేరు, ఊరెళ్ళిపోయిన పిల్లాడికి ఫోన్ చేసి ఎలా ఉన్నాడో రాసుకునే మనిషి, ఆ మనిషికి జీతం. ఇందులో డెమో చూపించి చప్పట్లు కొట్టించుకునేదేమీ లేదు. అందుకేనేమో, మనలో ఎవరూ అటు తొంగిచూడరు.