టెలివిజను యంత్రమునకు యజమాని యెవరు?

మన యిండ్లలోని టెలివిజను యంత్రము రూపు మారిపోయినది. తెర వెడల్పైనది, మందము తగ్గినది, వెల దిగినది. ఇవి యెల్లరకును కన్నులకు గట్టు మార్పులు. వీనికంటె ముఖ్యమైన మార్పొకటి తెరవెనుక జరిగినది. మనము టీవీలో దేనిని చూచుచున్నామో ఆ టీవీయే లెక్క వ్రాసికొని బయటికి పంపగల స్థితి యేర్పడినది. దీనినిగూర్చి గృహస్థులు తెలిసికొనుట యావశ్యకము.

మనదేశమున టెలివిజను ప్రసారములు 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమైనవి. 1975-76 సంవత్సరములలో ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశ్‌తో గూడ ఆరు రాష్ట్రముల పల్లెలకు ప్రసారములందినవి. 1982లో రంగులు వచ్చినవి. ఈ కాలమంతయు నింటిలోని యంత్రము గాలిలో వచ్చినదానిని గ్రహించుటే గాని, తిరిగి పంపుట యెరుగదు. ఇంటర్నెట్టుతో ముడిపడినది మొదలు రాకతోపాటు పోకయు నేర్పడినది.

ఆ పోక యెట్టిదో చూతము. నేటి స్మార్ట్ టీవీలు పెక్కింటిలో తెరపై కనబడు బొమ్మనుండి కొన్ని చుక్కలను మాటిమాటికి గైకొని, వానినుండి వ్రేలిముద్రవంటి గురుతును దయారుచేయు నేర్పాటు గలదు. ఆ గురుతును కంపెనీవారి భాండారములోని గురుతులతో సరిపోల్చినచో, ఆ యింటివారు ఏ చిత్రమును, ఏ ప్రకటనను, ఏ నిమిషమున చూచిరో తేలిపోవును. అమెరికాలో వైజియో అను కంపెనీ 1 కోటి 10 లక్షల టీవీలనుండి యిట్టి సమాచారమును ప్రేక్షకుల సమ్మతి లేకయే సేకరించినదని ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు అభియోగము తెచ్చిరి. 2017లో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడినది.

టీవీ వెల యింతగా దిగుటకు తెరల తయారీలో కలిగిన యభివృద్ధి యొక కారణము. అమ్మకమైన పిమ్మట గూడ ఆదాయము వచ్చుచుండుట రెండవ కారణము. ఈ వైజియో కంపెనీకే 2021లో టీవీల యమ్మకముమీద మిగిలినదానికంటె, ప్రకటనలు మొదలగు వానిమీద మిగిలినదే హెచ్చు. 2024 డిసెంబరులో వాల్‌మార్ట్ వర్తకసంస్థ సుమారు 230 కోట్ల డాలర్లిచ్చి దానిని కొనినది. అంగడివారు టీవీ కంపెనీని కొనుటలోని యాంతర్యము వర్తకమెరిగినవారికి విప్పి చెప్పనక్కరలేదు. పొలము నమ్మినవాడు ఫలసాయములో తనకు వాటా యున్నదని దస్తావేజు చివర సన్నని యక్షరములతో వ్రాసికొన్నచో కొన్నవారూరకుందురా? టీవీ విషయమున మాత్రము మనము చదువకయే "అంగీకరించితిమి" అను మీట నొక్కుచున్నాము.

ఇట్టి సమాచారమువలన ప్రేక్షకునకు నచ్చు కార్యక్రమములను చూపవచ్చుననియు, ప్రకటనల యాదాయమువలన కొన్ని చానళ్లను ఉచితముగా నీయవచ్చుననియు కంపెనీలు చెప్పుచున్నవి. ఇందు సత్యము లేకపోలేదు. కాని బేరమనునది యిరువురకును తెలిసి జరుగవలెను.

యంత్రమును నడుపు సాఫ్టువేరు మరియొక చిక్కు. ఆండ్రాయిడ్ టీవీ సాఫ్టువేరును వాడగోరు తయారీదారులు తన యాప్‌లనన్నిటిని మూటగా గైకొనవలెననియు, ఆండ్రాయిడునకు అన్యరూపములైన వాని జోలికి పోరాదనియు గూగుల్ విధించిన షరతులపై భారత కాంపిటీషన్ కమిషనువారు విచారణ జరిపిరి. 2025 ఏప్రిలులో గూగుల్ 20 కోట్ల 24 లక్షల రూపాయలు చెల్లించి, ప్లే స్టోరునకు ప్రత్యేక లైసెన్సు నిచ్చుటకు సమ్మతించి పరిష్కారము చేసికొనినది. ఇది మంచి యారంభమే. దీనిని వినియోగించుకొని వేరు సాఫ్టువేరును సిద్ధపరచు సాహసము మన తయారీదారులు చూపవలసియున్నది.

తెరల సంగతియు నిట్టిదే. మన తిరుపతిలో డిక్సన్ కంపెనీవారు టీవీలు కూర్చుచున్నారు. అది మన యువకులకు జీవనోపాధి. అయినను టీవీకి ప్రాణమైన ఎల్‌సీడీ ఫలకములు నేటికిని విదేశములనుండి రావలసినవే. కొరియాలోని శామ్‌సంగ్ 2022లో ఆ తయారీని విడిచినది. ఎల్‌జీ వారు చైనాలోని తమ పెద్ద ఎల్‌సీడీ కర్మాగారమును 2025లో టీసీఎల్ వారికప్పగించిరి. ఇట్లు ఫలకముల తయారీ ప్రధానముగా చైనా చేతికి చిక్కినది. ఒక్క దేశముపై ఆధారపడిన పరిశ్రమకు ఆ దేశము ధర పెంచిననాడు దిక్కేది?

కొనువారు మాత్రము చుక్కల లెక్కలో మునిగియున్నారు. 4కే తెరలో సుమారు 83 లక్షల చుక్కలు, 8కే తెరలో 3 కోట్ల 31 లక్షల చుక్కలు. సామాన్యమైన గదిలో ఎనిమిదడుగుల దూరమున కూర్చున్న కంటికీ భేదము స్ఫుటముగా గోచరింపదు. ఆ స్థాయిలో తీసిన చిత్రములును స్వల్పమే. అంగడిలో అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఈ టీవీ సాఫ్టువేరును ఎన్ని సంవత్సరములు సరిచేయుదురు? చూపుల లెక్కను ఆపివేయు మీట యెచ్చట నున్నది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఈ విషయమున మనకు ఆయుధము. సమాచారము నెందులకు గైకొందురో తెలుపు నోటీసును రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషలోనైనను చదువుకొను వీలుండవలెనని అది విధించుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులువుగా మరలించుకొను హక్కును గూడ చట్టమొసగినది. 2025 నవంబరులో నియమావళిని ప్రకటించి, ముఖ్యవిధుల యమలునకు పదునెనిమిది నెలల గడువిచ్చిరి.

చట్టము పుస్తకములో నున్నంతమాత్రమున ఫలములేదు. తెలుగునాట నమ్మబడు ప్రతి టీవీయు మొదటిసారి వెలిగినపుడు తెలుగున సమ్మతి నడుగునట్లును, లెక్కను నిరాకరించినను మిగిలిన పనులు ఆగకుండునట్లును, సాఫ్టువేరు గడువు పెట్టెమీద అచ్చువేయునట్లును ప్రభుత్వమువారు కట్టడిచేయుదురు గాక. రొక్కమిచ్చి కొన్న వస్తువునకు కొన్నవాడే యజమాని యను పాత ధర్మమునకు టెలివిజను మాత్రమే యపవాదము కానేల?