మోటారు మూగబోయిన వేళ

ఇంగ్లాండునందు కాపురముండు సోదరి యొకతె వ్రాసిన లేఖ ఈ మాసమున మా బల్లపైనున్నది. ఆమె యింట ఇద్దరు కూర్చుండదగిన పాత ఎం.జి.బి. కారు గలదు. తాళము త్రిప్పినచో ఒక్కొక్కనాడు టక్కుమను చప్పుడే గాని ఇంజను తిరుగదు. దీపములు మాత్రము చక్కగా వెలుగుచునే యుండునట. మరమ్మతుశాలవారు మొదట బ్యాటరీలను, పిదప స్టార్టరును మార్చి రెండుమార్లు సొమ్ము గైకొనిరి. మూడవ వారమున, చీకటిపడిన పిమ్మట, సంగీతపాఠమునుండి కుమార్తెను దోడ్కొని వచ్చుచుండగా కారు మరల మూగబోయినది. అమ్మివేయుమని ఇంటివారనుచున్నారు, ఆమెకు మనసొప్పకున్నది. దోషమెచ్చటనున్నదో తానే తెలిసికొనజాలదా యని మమ్మడిగినది.

తప్పక తెలిసికొనగలదు. 1912వ సంవత్సరమున కెటరింగు అను అమెరికా ఇంజనీరు నిర్మించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులలో అమర్పబడినది. అంతకుముందు ముందువైపున ఇనుపపిడి దూర్చి బలముకొలది త్రిప్పవలసియుండెను. అది యెదురు తన్నినచో మణికట్టు విరుగుటయు గలదు. పరుల చేతిబలముతో పనిలేక స్త్రీ తానొక్కతెయే కారు నడుపుకొనుటకు ఈ చిన్న మోటారు చేసిన సాయము తక్కువది కాదు. అట్టిది మొండికేసినపుడు చేతులు కట్టుకొని కూర్చుండుట మాకును నచ్చదు.

ఎం.జి.బి. కారులు 1962 మొదలు 1980 వరకు ఆబింగ్డనులో తయారైనవి. 1974వ సంవత్సరము నడుమ వరకు వచ్చినవానిలో ఆసనముల వెనుక, నేలపలక క్రింద, ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండుండును. రెండును కలిసి పండ్రెండు వోల్టులు. స్టార్టరో ముందువైపునున్నది. విద్యుత్తు అంతదూరము లావుతీగ వెంట పోయి, మరలివచ్చునపుడు కారుయొక్క ఇనుపదేహమునే త్రోవగా చేసికొనును. అయితే ఇంజను రబ్బరు దిమ్మెలపై నిలిచియున్నది. రబ్బరు విద్యుత్తును పోనీయదు. కావున జడవలె అల్లిన రాగిపట్టి యొకటి ఇంజనును దేహమునకు కలుపుచుండును. చూపునకు అల్పమైన ఈ పట్టికి చిలుముపట్టినను, దాని బోల్టు వదులైనను, క్రొత్త బ్యాటరీయు క్రొత్త స్టార్టరును నిష్ప్రయోజనములే.

దీపములు వెలిగించి తాళము త్రిప్పి చూడవలెను. అవి ఒక్కసారిగా క్రుంగిపోయినచో బ్యాటరీ నీరసించినదనియో, దాని కొసలకు మురికి పట్టినదనియో శంకింపవచ్చును. స్టార్టరు బిగిసిపోయినను ఇట్లే యగును. దీపములు తగ్గక, టక్కుమను చప్పుడును లేనిచో తాళపు స్విచ్చును, అచటినుండి సోలెనాయిడునకు పోవు ఎఱ్ఱగీత గల తెల్లతీగను చూడవలెను. చప్పుడుండి, దీపములును తగ్గనిచో స్టార్టరునకు చాలినంత విద్యుత్తు చేరుటలేదు. మన సోదరి కారు ఈ తెగలోనిది. లేఖ చివర ఆమె మాటవరుసకు, చోకుపిడి చేతికి వేడిగా తగిలినదని వ్రాసినది. మాకు లేఖయంతటిలోను ఆ మాటయే ముఖ్యముగా తోచినది. రాగిపట్టి త్రోవ మూసికొనిపోగా, విద్యుత్తు ఇంజనునుండి చోకు ఉక్కుతీగ వెంట దేహమునకు దారి వెదకికొనుచున్నది. అంత సన్ననితీగ ఆ భారమును మోయలేక కాగుచున్నది. ఇక తాళము పదేపదే త్రిప్పరాదు, పొగ వచ్చును.

పరీక్షకు పూర్వము గాజులును ఉంగరములును తీసి పెట్టెలో నుంచుడు. బంగారు గాజు బ్యాటరీ కొసకును ఇనుమునకును నడుమ తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చేతిని కాల్చును. బ్యాటరీదరి నిప్పు కూడదు. గేరు తీసి, చేతిబ్రేకు వేసి, ఇంజను అంటుకొనకుండ కాయిలు తీగను ఊడదీయవలెను.

మల్టీమీటరుతో చూడగా నిండుబ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపును. ఇప్పుడు మీటరు ముల్లొకటి ఇంజను గీచిన లోహముపైనను, రెండవది దేహమునకు కట్టిన బ్యాటరీ కొసపైనను ఆనించి, మరియొకరిచే తాళము ఒక్కసారి మాత్రము త్రిప్పింపుడు. 1967 వరకు వచ్చిన కారులలో దేహమునకు కట్టినది ధనధ్రువము, తరువాతివానిలో ఋణధ్రువము. కావున రంగును నమ్మక తీగ వెంట పోయి చూడవలెను. అరవోల్టునకు లోబడిన మేలు. రెండుమూడు వోల్టులైనచో దొంగ దొరికినట్లే. 150 ఆంపియర్లు పారునపుడు ఓములో ఏబదవవంతు అడ్డంకియే మూడు వోల్టులు హరించును గదా! ఈ దారిలో ఏమియు కనబడనిచో బ్యాటరీ రెండవ కొసనుండి స్టార్టరు లావుతీగ వరకును అట్లే కొలిచి, రెండు బ్యాటరీలను కలుపు తీగను గూడ చూడవలెను. ఇవన్నియు బాగున్నచో సోలెనాయిడు లోపలి రాగిముక్కలు కాలియుండును.

దోషము పట్టియందే యున్నచో, ముందుగా దేహమునకు కట్టిన బ్యాటరీ తీగను ఊడదీసి, కడపట దానినే తగిలింపవలెను. పట్టి తెగిన క్రొత్తది వేయుడు. లేనిచో కొసలను, అవి ఆనుచోటులను గరుకుకాగితముతో మెఱయునట్లు రుద్ది, బోల్టు గట్టిగా బిగించి, పైన కొంచెము వాసెలిను పూసిన చాలును. రంగుపై బిగించుట వ్యర్థము. కాలిన చోకుతీగను గూడ మార్చవలెను.

మీటరు ఎన్ని వోల్టులు చూపినదో ఆ సోదరి మాకు వ్రాయగోరెదము. అంతవరకు కారు అమ్మకమును ఆపుమని ఇంటివారికి మా మాటగా చెప్పవచ్చును.