ఐదో డౌన్

మొన్న ఆదివారం మా గల్లీ మ్యాచ్‌కి అంపైర్‌ని నేనే. ఇంటికొచ్చాక ఎవరో తీసిన వీడియో చూస్తే గుండె జారిపోయింది. వైడ్లు, నోబాల్‌లు లేకుండానే చివరి ఓవర్లో ఏడు బంతులు వేయించేశాను! మ్యాచ్ గెలిపించిన ఫోర్ ఆ ఏడో బంతికే వచ్చింది. పైగా గెలిచింది మా తమ్ముడి టీమ్. గ్రూపులో చెప్పాలా, గమ్మునుండాలా?

ఆ రాత్రి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జరిగిన రెండు మ్యాచ్‌లు గుర్తొచ్చాయి.

ఆ ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క. బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లడానికి టీముకి నాలుగు ఛాన్సులు. గోల్ లైన్ దగ్గరికి వచ్చేస్తే ఆ నాలుగింట్లోనే లైన్ దాటించాలి. ఒక్కో ఛాన్సుని డౌన్ అంటారు. మన ఓవర్‌కి ఆరు బంతులెలాగో వాళ్లకి నాలుగు డౌన్లు అలాగ. ఐదోది ఉండదు.

1990 అక్టోబర్ 6. మిస్సోరీ యూనివర్సిటీ సొంత గ్రౌండ్‌లో కొలరాడో మీద 31-27తో ముందుంది. మిగిలింది సెకన్లే. కొలరాడో గోల్ లైన్‌కి మూడు గజాల దూరంలో ఉంది. రెండో డౌన్ తర్వాత టైమౌట్. ఆ హడావిడిలో డౌన్ నంబర్ చూపించే బోర్డు మార్చడం మర్చిపోయారు. దాంతో కొలరాడో నాలుగో డౌన్‌ని మూడోదనుకుని, గడియారం ఆపడానికి బంతిని నేలకేసి కొట్టింది. నిజానికి అక్కడితో బంతి మిస్సోరీకి పోవాలి. పోలేదు. ఐదో డౌన్‌లో టచ్‌డౌన్ కొట్టి కొలరాడో 33-31తో గెలిచేసింది.

రిఫరీల్ని సస్పెండ్ చేశారు. ఫలితం మాత్రం మారలేదు. ఆ సీజన్ చివర్లో అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకింగ్స్‌లో కొలరాడోనే నంబర్ వన్! వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. బోర్డు మీద సరైన నంబర్ ఉంటే, నాలుగో ఛాన్సుని అలా వృథా చేసేవాళ్లే కాదు.

ఇదే పొరపాటు సరిగ్గా యాభై ఏళ్ల ముందూ జరిగింది. 1940 నవంబర్ 16న డార్ట్‌మత్ మీద కార్నెల్ చివరి క్షణాల్లో, ఐదో డౌన్‌లోనే, 7-3తో గెలిచింది. అప్పటికి కార్నెల్ 18 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగదు. తర్వాత ఫిల్మ్ చూస్తే సంగతి బయటపడింది. రిఫరీ రెడ్ ఫ్రీసెల్ తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. కార్నెల్ ఆ గెలుపుని వదిలేసుకుంటూ డార్ట్‌మత్‌కి టెలిగ్రామ్ ఇచ్చింది. రికార్డుల్లో ఈరోజుకీ డార్ట్‌మత్ 3-0తో గెలిచినట్టే ఉంటుంది.

ఇప్పుడు రీప్లేలున్నాయి కదా అంటారా? 2015లో డ్యూక్ మీద మయామీ ఎనిమిదిసార్లు బంతిని చేతులు మార్చి, ఆఖరి కిక్ రిటర్న్‌లో టచ్‌డౌన్ చేసింది. మధ్యలో ఒకడి మోకాలు నేలకి తగిలింది, అంటే ఆట అక్కడే ఆగాలి. నిమిషాల తరబడి రీప్లే చూసి కూడా ఓకే అనేశారు. తప్పు జరిగిందని మర్నాడు ఒప్పుకుని రిఫరీలకి రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. గెలుపు మాత్రం మయామీదే.

కార్నెల్ మంచితనం గురించి అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఫ్రీసెలే గుర్తుండిపోయాడు. ఆయన నోరు విప్పాడు కాబట్టి కార్నెల్‌కి పని తేలికైంది. గెలుపు తిరిగిచ్చేయడం టీమ్ ఇష్టం. తప్పు ఒప్పుకోవడం మాత్రం అంపైర్ డ్యూటీ.

పొద్దున్నే గ్రూపులో వీడియో పెట్టి, 'ఏడు బంతులు. లెక్క తప్పింది నేనే' అని రాశాను. అందరికీ బ్లూ టిక్కులు పడ్డాయి. తమ్ముడు మాత్రం ఇంకా మాట్లాడట్లేదు.