రాత్రి ఎవరి తలుపు తట్టాలి?

కె. కోటపాడు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వాళ్ళమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయింది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. ఇల్లంతా సంతోషమే. కానీ ఆ సంతోషంలోనే ఒక చిన్న తగాదా బయలుదేరింది. "పొద్దున్న చేర్చి, కాగితాలమీద సంతకాలు పెట్టి, సాయంత్రం రైలుకి వచ్చేద్దాం. అక్కడ మనకేం పని?" అంటారట ఆయన. "ఒక్క రాత్రి ఆ ఊళ్ళో ఉండి, మర్నాడు పిల్లను మరొక్కసారి చూసి వద్దాం" అంటారు ఈవిడ. అత్తగారు కొడుకు పక్షం. "పిల్లను బడికి పంపుతున్నావా, కాపురానికి పంపుతున్నావా?" అని వేళాకోళం కూడా చేశారట. "నాది పిచ్చి మమకారమేనా? మీరే చెప్పండి" అని అడిగారు ఆ సోదరి.

అత్తగారు వేళాకోళానికి అన్నా, మాట మాత్రం సరిగ్గానే తగిలింది. కొత్త పెళ్ళికూతుర్ని మొదటిసారి అత్తవారింటికి పంపేటప్పుడు మనం ఒంటరిగా పంపుతామా? తోడు ఒక పెద్దావిడ వెళుతుంది. నాలుగు రోజులుండి, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, పిల్ల ఎవరి దగ్గర చనువుగా మసలగలదో కనిపెట్టి వస్తుంది. పెళ్ళికూతురికి ఇరవై దాటి ఉంటాయి. ట్రిపుల్ ఐటీకి వెళ్ళే పిల్లకు పదిహేనో, పదహారో. వెళ్ళేది ఆరేళ్ళ చదువుకి. ఒక రాత్రి ఆగి చూసి రావడం మమకారం కిందకి రాదమ్మా, బాధ్యత కిందకే వస్తుంది.

తెలియనివారికోసం ఈ ట్రిపుల్ ఐటీ సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ అనే పేరుతో 2008లో దీన్ని స్థాపించారు. పల్లెటూళ్ళలో బాగా చదివే పిల్లలకు ఇంజనీరింగ్ చదువు అందాలన్నది ఉద్దేశం. మొదట నూజివీడు, ఇడుపులపాయ, బాసర. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్ళింది. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు వచ్చాయి. పదో తరగతి కాగానే చేర్చుకుని, రెండేళ్ళు ఇంటర్మీడియట్ స్థాయి చదువు, తరువాత నాలుగేళ్ళు బి.టెక్. చెబుతారు. అన్ని సంవత్సరాలూ హాస్టల్లోనే మకాం. అంటే అంతవరకు అమ్మ పక్కన పడుకున్న పిల్ల కళాశాలను, హాస్టలును, కొత్త ఊరును ఒకేరోజున చూస్తుంది. మామూలు కాలేజీకి వెళ్ళేవాళ్ళకి పద్దెనిమిదో ఏట వచ్చే ఎడబాటు, వీళ్ళకి పదహారో ఏటనే వస్తుంది.

ఇలా పిల్లల్ని దూరం పంపడం మనకి కొత్త కాదు. పూర్వం హైస్కూలు చదువుకి పట్నం వెళ్ళిన కుర్రవాళ్ళు వారాలు చేసుకుని చదివేవారు. తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి, తెలిసినవాళ్ళ అరుగుమీద రాత్రి బస చేసి, మర్నాడు ఏడిళ్ళు తిరిగేవాడు. ఆదివారం వకీలుగారింట్లో, సోమవారం కరణంగారింట్లో, అలా వారానికి ఏడు ఇళ్ళు కుదిరితేగాని ఊరికి తిరుగు ప్రయాణం కట్టేవాడు కాదు. బీదతనంలోంచి పుట్టిన ఏర్పాటు అది. ఎంగిలాకు దగ్గర ఎన్నో అవమానాలు మింగిన పిల్లలున్నారు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఎవరూ కోరరు. కానీ ఆ ఏర్పాటులో ఒక మేలు దాగి ఉంది. కుర్రవాడు ఏ పూటైనా భోజనానికి రాకపోతే, "అబ్బాయి ఏడీ?" అని అడిగే ఇల్లాళ్ళు ఆ ఊళ్ళో ఏడుగురు ఉండేవారు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి సంగతి మీకు తెలిసిందే. తండ్రి చిన్నతనంలోనే పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారనే మాస్టారు రాజమండ్రికి మకాం మారుస్తూ కుర్రవాణ్ణి తనతో తీసుకువెళ్ళారు. రాజమండ్రిలో నాటకాల వ్యామోహం, అల్లరి స్నేహాలు, తగాదాలు అన్నీ చుట్టుకున్నాయి. ఆ ముచ్చట్లు ఆయనే "నా జీవిత యాత్ర"లో దాచుకోకుండా వ్రాసుకున్నారు. ఆ కుర్రవాడే చదువు పూర్తి చేసి, బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. పిల్లవాడు దారి తప్పకుండా కంచె కట్టడం ఏ తల్లివల్లా కాలేదు. కానీ అతను దారి తప్పినప్పుడు చెయ్యి పట్టుకునే మనిషి ఒకరు ఆ ఊళ్ళో ఉండడమే ఆ కథలోని అదృష్టం.

కాబట్టి సోదరీ, ఆ రాత్రి మీరు నూజివీడులో ఉండవలసినది మేడలు చూడ్డానికి కాదు. ఆ మనిషిని వెతకడానికి. "రాత్రి పదిగంటలకి మా అమ్మాయికి జ్వరం వస్తే, భయం వేస్తే, ఎవరి తలుపు తట్టాలి?" ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే మీ ప్రయాణం ఖర్చు గిట్టినట్టే.

పగటిపూట ఏ కాలేజీ అయినా పెళ్ళివారిల్లులా ఉంటుంది. గేటు దగ్గర స్వాగతం, పలకరించేవాళ్ళు, కుర్చీలు, తాగడానికి మంచినీళ్ళు. దీపాలు పెట్టాక గదిలో ఫ్యాను తిరుగుతుందా, కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయా, ఎంతమందికి ఒక స్నానాలగది, తలుపుకి లోపలి గడియ ఉందా, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. పప్పు ఎలా ఉందో వంటవాణ్ణి అడగవద్దు. తిని లేచి వస్తున్న రెండో సంవత్సరం పిల్ల ముఖం చూడండి. మీ అమ్మాయికంటే ముందు ఆ దారి నడిచినవాళ్ళు అనకాపల్లి, చోడవరం ప్రాంతాలవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో విచారించండి. మన యాసలో మాట్లాడే ఒక్క అక్క కనిపిస్తే పిల్లకు సగం బెంగ తీరుతుంది.

అమెరికాలో దీన్నే ఒక పద్ధతిగా పెట్టుకున్నారు. అక్కడ చాలా కళాశాలలు సీటు ఇచ్చిన పిల్లలను ఏప్రిల్ నెలలో పిలుస్తాయి. చేరేదీ లేనిదీ తేల్చి చెప్పడానికి సాధారణంగా మే 1 గడువు. ఈలోపల పిల్లలు వచ్చి, పాత విద్యార్థుల గదిలో నేలమీద పక్క వేసుకుని ఒకటి రెండు రాత్రులు పడుకుంటారు. వాళ్ళతోనే భోజనం, వాళ్ళతోనే క్లాసు. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో జరిగే ఇటువంటి ఏర్పాటుకి కాంపస్ ప్రివ్యూ వీకెండ్ అని పేరు. తల్లిదండ్రులు వేరే హోటల్లో దిగి, ఫీజుల సంగతి, సహాయాల సంగతి తెలుసుకుంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇవన్నీ రద్దై, కంప్యూటరు తెరమీద చూపించవలసి వచ్చింది. పక్కమీద పడుకున్నప్పుడు దోమ కుట్టేదీ లేనిదీ తెరమీద తెలియదు గదా!

అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పిల్లలది ఒక చోటు, తల్లిదండ్రులది ఒక చోటు. ఆ రాత్రి ఇద్దరికీ పరీక్షే. పిల్ల, అమ్మ లేకుండా నిద్రపోవడం నేర్చుకుంటుంది. అమ్మ, పిల్ల లేకుండా నిద్రపోవడం నేర్చుకుంటుంది. రెండోదే కష్టమని నా అనుమానం.

మన దగ్గర అన్ని కాలేజీలూ తల్లిదండ్రులను లోపల ఉండనివ్వవు. ఉండనివ్వకపోవడమే మంచిది కూడాను. వందలమంది ఆడపిల్లలు ఉండేచోట కొత్తవాళ్ళు రాత్రిపూట మసలకూడదు. గేటు దగ్గర కాపలావాడితో వాదన పెట్టుకోకండి. ఊళ్ళో లాడ్జీలోనో, సత్రంలోనో, చుట్టాలింట్లోనో దిగండి. పొరుగున సబ్బవరానికి చూడండి. అక్కడి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఎక్కడెక్కడి రాష్ట్రాలనుంచో తల్లిదండ్రులు భాష రాకపోయినా పిల్లల వెంట వస్తున్నారు. వాళ్ళు సబ్బవరంలో తడుముకున్నట్టే మీరు నూజివీడులో తడుముకుంటారు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక మీరు ధైర్యంగా అడగవలసినవి ఉన్నాయి. ఇవి మొహమాటపడవలసిన ప్రశ్నలు కావు. చట్టం మీకిచ్చిన హక్కులు. మన రాష్ట్రంలో ర్యాగింగును నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. ఎగతాళి చేసి అవమానపరచినా ఆరు నెలలదాకా జైలుశిక్ష పడవచ్చు. 2009లో యు.జి.సి. దేశమంతటికీ నిబంధనలు చేసింది. వాటి ప్రకారం కొత్తగా చేరినవాళ్ళకు వీలైనంతవరకు వేరే వసతి చూపాలి. వార్డెన్లు ఏ వేళనైనా అందుబాటులో ఉండాలి. కష్టం వస్తే ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలిపే అచ్చుకాగితం కొత్త విద్యార్థి చేతికివ్వాలి. కొత్తవాళ్ళను చిన్న చిన్న జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టును ఒక ఉపాధ్యాయుడికి అప్పగించాలి. మీచేత సంతకం పెట్టించే ప్రమాణపత్రం కూడా ఈ నిబంధనలలోదే. సంతకం పెట్టేముందు ఆ కాగితం అడిగి పుచ్చుకోండి. దానితోపాటు 1800-180-5522 అనే నెంబరు పిల్ల నోటుపుస్తకం అట్టలోపల వ్రాయించండి. అది ర్యాగింగు ఫిర్యాదులకోసం ఉన్న ఉచిత ఫోను.

వార్డెన్ పేరు, ఫోను నెంబరు అడగండి. రాత్రిపూట ఆవిడ అదే భవనంలో పడుకుంటారా, వేరే ఇంటికి వెళతారా అడగండి. జబ్బు చేస్తే చూసే నర్సు ఎవరు, ఆస్పత్రి ఎంత దూరం, అర్ధరాత్రి బండి ఎవరు తెస్తారు, ఇంటికి ఫోను చేసుకోవడానికి ఏ వేళలో వీలవుతుంది అని అడగండి. అన్నిటికంటె ముఖ్యం, ఈ ప్రశ్నలు మీరు కాక మీ అమ్మాయిచేత అడిగించండి. రేపు నిజంగా తలుపు తట్టవలసినది ఆమె. నోరు విప్పడం ఆ రోజునే, మీరు పక్కన ఉండగానే, అలవాటు కావాలి.

ఒక్కటి మాత్రం చేయవద్దు. "మా పిల్ల సున్నితం, కాస్త ప్రత్యేకంగా చూడండి" అని అనకాపల్లి బెల్లం అచ్చులు వార్డెనమ్మ బల్లమీద పెట్టకండి. ఆవిడకి అటువంటి సున్నితపు పిల్లలు వందలమంది. పైగా మీరు వెళ్ళిపోయాక, ఆ బెల్లం కథ పట్టుకుని తోటిపిల్లలు మీ అమ్మాయిని ఏడిపించుకు తింటారు. ఆ బెల్లంతో అరిసెలు వండి పిల్ల పెట్టెలో పెట్టండి. గదిలో నలుగురికీ పంచుకుంటే నలుగురూ చుట్టాలవుతారు.

మగపిల్లల తల్లిదండ్రులు ఇదంతా ఆడపిల్లల సంగతి కదా అనుకోకండి. ఆడపిల్ల ఏడ్చి చెబుతుంది. మగపిల్లవాడు "ఏడిస్తే నవ్వుతారు" అని మింగి కూర్చుంటాడు. వాడికి తలుపు చూపించడం ఇంకా అవసరం.

రెండు మూడు కాలేజీలలో సీటు వచ్చి ఎటూ తేల్చుకోలేనివారు ఈ పని డబ్బు కట్టకముందే చేయాలి. డబ్బు కట్టేశాక, "ఇంత పోశాం గదా" అన్న మాట కళ్ళకి గంతలు కట్టేస్తుంది. ఏ విశ్వవిద్యాలయమూ పిల్లల అసలు సర్టిఫికెట్లు తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని 2018లో యు.జి.సి. ప్రకటించింది. సరిచూసుకుని తిరిగి ఇవ్వవలసిందే.

ఖర్చు మాటకొస్తే, మీవారు అన్నదీ కొట్టిపారేయదగింది కాదు. రెండు రోజుల పని పోతుంది, లాడ్జీ అద్దె, రైలు ఛార్జీలు. అందుకని మేనమామ, పెదనాన్న, పక్కింటి మాస్టారు అంతా కట్టగట్టుకు వెళ్ళకండి. మీ ఇద్దరిలో ఒకరు వెళ్ళినా చాలు. ఆ ఒకరూ వెళ్ళలేని ఇళ్ళున్నాయని నాకు తెలుసు. వాళ్ళు మండలంలో ఇదివరకు అక్కడ చదివిన పిల్లను వెతికి, ఒక పూట ఇంటికి పిలిచి అన్నం పెట్టి, పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఆమెను అడగాలి. నెలరోజులు తిరగ్గానే ఎవరో ఒకరు వీలు చూసుకుని వెళ్ళి రావాలి.

ఇక బయలుదేరే ముందు పిల్లకు ఒక మాట ఇవ్వండి. "ఏ వేళకైనా ఫోను చెయ్యి. మార్కులు తగ్గినా, ఎవరితోనైనా పోట్లాడినా, అక్కడ ఉండలేకపోయినా సరే. ముందు వింటాం, తరువాత మాట్లాడతాం. తిట్టం." సీటు వచ్చిందని ఊరంతా పొగిడిన పిల్లకు, కష్టంగా ఉందని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ పొగడ్తే నోటికి తాళం వేస్తుంది. ఆ తాళంచెవి మీ దగ్గరే ఉంది.

మర్నాడు పొద్దున్న పిల్ల గేటు దగ్గరకి వస్తుంది. భోజనం బాగుందా, క్లాసులెప్పుడు అని ప్రశ్నలు గుప్పించకండి. "రాత్రి నిద్ర పట్టిందా?" అని ఒక్కటే అడగండి. పట్టిందంటే సరే. పట్టలేదన్నా కంగారుపడవలసిన పనిలేదు. మొదటి రాత్రి ఎవరికీ పట్టదు. కానీ, "పట్టలేదమ్మా, పక్కగది అక్కా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం" అందనుకోండి. ఆ పక్కగది అమ్మాయి పేరు అడిగి తెలుసుకుని, నిశ్చింతగా ఏలూరు వెళ్ళే బస్సు ఎక్కండి.