జ్వరం తగ్గాక వేసే ఆ సూది వద్దు

వానలు పడ్డాయంటే హైదరాబాద్ శివార్లలోని బహదూర్‌పల్లి, గండిమైసమ్మ, దుండిగల్ వైపు జ్వరాలు మామూలే. కడుతున్న అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నీళ్ళు నిలుస్తాయి, మూత లేని డ్రమ్ముల్లో దోమ గుడ్లు పెడుతుంది. జ్వరం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ హెచ్చరిక జ్వరం తగ్గిన తర్వాతి రోజుల గురించి.

చికున్‌గన్యా వచ్చి పోయాక కూడా కొందరికి పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు, మడమ నేలకు ఆనదు. జీడిమెట్ల ఫ్యాక్టరీకి నాలుగు రోజులు పోకపోతే జీతం కోతే. సందు చివర క్లినిక్‌లో "ఒక్క సూదితో లేచి నడుస్తావు" అంటారు. నిజంగానే నడుస్తాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. వాపు దిగుతుంది, అసలు జబ్బేమిటో తేలకుండా పోతుంది. నొప్పి తిరిగి రాగానే ఇంకో సూది, ఆపైన మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే మాత్రలు. నెలల తరబడి ఇలా సాగితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో అణగి ఉన్న క్షయ పైకి లేస్తుంది. ఇప్పటికే వారాల తరబడి వాడుతున్నవాళ్ళు మాత్రం ఇది చదివి రేపే మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఈ నొప్పులు మనకు కొత్తవి కావు. 2005 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన చికున్‌గన్యా, 2006లో దేశమంతా పాకి 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు చూపించింది. కీళ్ళలో మిగిలిపోయిన వైరస్ ముక్కలు చేసే పనా, దారి తప్పిన రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడటమా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. వైరస్‌కూ ఈ తరహా జబ్బులకూ ముడి ఉందన్నది మాత్రం వట్టి ఊహ కాదు. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రక్త నమూనాలు, రికార్డుల ఆధారంగా 2022లో వచ్చిన హార్వర్డ్ అధ్యయనం, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు వచ్చే ముప్పు 32 రెట్లు పెరిగిందని చూపింది. అలాగని ఆ వైరస్ సోకిన వాళ్ళందరికీ జబ్బు రాదు. పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా అది సోకే ఉంటుంది. కాబట్టి వైరస్ పేరు చెప్పి ఇమ్యూనిటీ పొడులు అమ్మేవాళ్ళను నమ్మకండి.

మన చుట్టూ మెడికల్ కాలేజీలకు కొదవ లేదు, సూరారంలో ఒకటి, మేడ్చల్ దాటితే ఘన్‌పూర్‌లో ఇంకొకటి. హౌస్ సర్జన్లకు, పీజీలకు సదస్సులకూ కొదవ లేదు. బ్యాగు, బిర్యానీ, సర్టిఫికెట్ ఎలాగూ అందుతాయి. అక్కడ వైరస్‌లూ ఆటోఇమ్యూన్ జబ్బులూ అంటూ రంగురంగుల స్లైడ్లు చూసిన పీజీ, రేపు ఓపీలో చికున్‌గన్యా తర్వాత రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చిన మనిషికి జీవితకాలపు కీళ్ళవాతమని ముద్ర వేసేస్తే ఆ సదస్సు దండగ. వైరల్ జ్వరాల తర్వాత ఆ పరీక్ష కొన్నాళ్ళు పాజిటివ్‌గా రావచ్చు. యాంటీ-సీసీపీ అనే మరో రక్తపరీక్ష కూడా చూడాలి, కొన్ని వారాలు ఆగి మళ్ళీ పరీక్షించాలి. మెథోట్రెక్సేట్ లాంటివి మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పవు. హెపటైటిస్ సి తానే కీళ్ళనొప్పులు తెచ్చి, రుమటాయిడ్ ఫ్యాక్టర్‌నూ పాజిటివ్ చేయవచ్చు. హెపటైటిస్ బి ఉన్నట్టు తెలియకుండా రోగనిరోధకతను అణిచే మందులిస్తే కాలేయం దెబ్బతినవచ్చు.

కీళ్ళలో వాపు, పొద్దుటి బిగుతు ఆరు వారాలు దాటినా తగ్గకపోతే నిమ్స్‌లో గానీ మరోచోట గానీ రుమటాలజిస్టుకు చూపించుకోండి. జ్వరమో విరేచనాలో తగ్గిన కొద్ది రోజులకు, వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలై, కాళ్ళు పట్టు తప్పి, ఆ బలహీనత పైకి పాకుతుంటే అది గిలన్-బారే అనే నరాల జబ్బు కావచ్చు. 2025 జనవరిలో పుణెలో విజృంభించింది ఇదే. అక్కడ ప్రధానంగా అనుమానించింది కలుషిత నీటి ద్వారా వచ్చిన బ్యాక్టీరియాను, కానీ వైరస్‌ల తర్వాత కూడా ఇది వస్తుంది. నీరసమనుకుని గ్లూకోజ్ సీసా ఎక్కించుకుంటూ కూర్చోకండి, ఊపిరి కండరాలు కూడా పట్టు తప్పవచ్చు. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రికి రాత్రే వెళ్ళాలి.

సదస్సులు పెట్టే కాలేజీలకు ఒక మాట. వచ్చే వానాకాలానికి ముందే ఒక పూట ఈ చుట్టుపక్కల ఆర్‌ఎంపీలను, మెడికల్ షాపుల వాళ్ళను హాల్లోకి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. స్టెరాయిడ్ ఎప్పుడు ఇవ్వకూడదో, ఎవరిని ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి పంపాలో మీ పీజీల చేతే తెలుగులో చెప్పించండి.