ఓడ దిగినా రోడ్డెక్కని స్కూటర్‌

కాలిఫోర్నియాలో రిజిస్ట్రేషన్‌కు లేబులే కీలకం
* 7,500 మైళ్లు తిరగని బండి కొత్తదిగానే లెక్క
* నిబంధన తెలియక నష్టపోతున్నది కొనుగోలుదారులే

విదేశంలో తయారైన స్కూటర్‌ ఓడ దిగుతుంది. కస్టమ్స్‌ లాంఛనాలు పూర్తవుతాయి. యాజమాన్య పత్రాలూ చేతికి వస్తాయి. అయినా కాలిఫోర్నియా రవాణా శాఖ ఆ బండికి నంబరు ఇవ్వకపోవచ్చు. దేశంలోకి తెచ్చుకోవడానికి దొరికిన అనుమతి, రాష్ట్రంలో నడుపుకోవడానికి అనుమతి కాకపోవడమే ఇందుకు కారణం. తెలుగు జిల్లాల నుంచి చదువులకు, ఉద్యోగాలకు శాన్‌హోసే, ఫ్రీమాంట్‌, లాస్‌ ఏంజెలిస్‌ ప్రాంతాలకు వెళ్లినవారు చవకగా దొరికే దిగుమతి స్కూటర్లవైపు చూసేటప్పుడు ముందుగా తెలుసుకోవలసిన విషయమిది.

రెండు ప్రమాణాల దేశం

మన దేశంలో వాహన కాలుష్య ప్రమాణాలను కేంద్రం నిర్ణయిస్తుంది. 2020 ఏప్రిల్‌ 1 నుంచి దేశమంతటా బీఎస్‌-6 అమలులో ఉంది. విశాఖలో కొన్న బండికీ, వరంగల్‌లో కొన్న బండికీ ఒకటే కొలత. అమెరికాలో పరిస్థితి వేరు. పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ నిర్ణయించే ఫెడరల్‌ ప్రమాణాలు ఒకవైపు ఉంటే, అంతకంటే కఠినమైన సొంత ప్రమాణాలను రూపొందించుకునే అధికారం స్వచ్ఛ వాయు చట్టం కింద కాలిఫోర్నియాకు మాత్రమే లభించింది. ఇతర రాష్ట్రాలు ఆ ప్రమాణాలను అనుసరించవచ్చు గానీ సొంతంగా మూడో కొలత పెట్టుకోలేవు.

ఈ ప్రత్యేక అధికారం వెనుక చేదు అనుభవం ఉంది. 1943 జూలైలో లాస్‌ ఏంజెలిస్‌ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మేసింది. యుద్ధకాలం కావడంతో శత్రువుల రసాయన దాడేమోనని జనం భయపడ్డారు. వాహనాల పొగలోని వాయువులు సూర్యరశ్మి ప్రభావంతో ఈ విష వాయువుగా మారుతున్నాయని ఆ తర్వాతి దశకంలో హాగెన్‌ స్మిట్‌ అనే శాస్త్రవేత్త నిరూపించారు. 1967లో ఏర్పడిన కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి ఆయనే తొలి అధ్యక్షులయ్యారు. స్కూటర్‌ రిజిస్ట్రేషన్‌పై నేడు ప్రభావం చూపుతున్నది ఈ మండలి నిబంధనలే.

లేబుల్‌లో ఏముంటుంది?

అమెరికా చట్టాల్లో స్కూటర్‌ మోటార్‌సైకిల్‌ కిందికే వస్తుంది. ద్విచక్ర వాహనాలకు ఉద్గార ప్రమాణాలు 1978 మోడల్‌ నుంచి మొదలయ్యాయి. 50 సీసీ లోపు చిన్న ఇంజన్లను కూడా 2006 మోడల్‌ నుంచి ఈపీఏ తన పరిధిలోకి తెచ్చింది. ప్రమాణాలకు లోబడి తయారైన ప్రతి బండికీ సులువుగా ఊడిరాని ఉద్గార సమాచార లేబుల్‌ ఉండాలి. అది సీటు కిందనో, ఫ్రేముపైనో కనిపిస్తుంది. అందులో ఈపీఏ నిబంధనలతో పాటు కాలిఫోర్నియా నిబంధనలకూ బండి అనుగుణంగా ఉందని రాసి ఉంటే చిక్కు లేదు. ఈపీఏ మాట మాత్రమే ఉంటే అది మిగతా రాష్ట్రాల కోసం తయారైన బండి.

అటువంటి బండిని కాలిఫోర్నియా వాసి కొత్తదిగా కొనడం, తెప్పించుకోవడం రాష్ట్ర ఆరోగ్య, భద్రతా చట్టం ప్రకారం నిషిద్ధం. ఇక్కడ 'కొత్తది' అన్న మాటకు చట్టం చెప్పే అర్థం వేరు. కొనే నాటికి 7,500 మైళ్లు, అంటే సుమారు 12,000 కిలోమీటర్లు తిరగని బండి చేతులు మారినదైనా కొత్తదిగానే లెక్క. పొరుగు రాష్ట్రంలో కొద్దికాలం వాడిన స్కూటర్‌ను తక్కువ ధరకు కొని తెచ్చుకున్నవారు చిక్కుల్లో పడేది ఇక్కడే.

కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మరో రాష్ట్రంలో నివసిస్తూ అక్కడ రిజిస్టర్‌ చేయించిన బండితో కాలిఫోర్నియాకు తరలివచ్చినవారికి, వారసత్వంగా బండి పొందినవారికి సడలింపు లభిస్తుంది. అయితే ఫెడరల్‌ ప్రమాణాలకైనా లోబడని విదేశీ బండ్లకు వీటితో ప్రయోజనం లేదు.

చేతక్‌ను తీసుకెళ్లవచ్చా?

ఇంట్లోని పాత బజాజ్‌ చేతక్‌నో, బుల్లెట్‌నో జ్ఞాపకంగా అమెరికాకు తీసుకెళ్లాలని కోరుకునేవారు ఉన్నారు. తయారై 25 ఏళ్లు నిండిన వాహనాలకు ఫెడరల్‌ భద్రతా ప్రమాణాల నుంచి, 21 ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్నవాటికి ఈపీఏ నిబంధనల నుంచి సడలింపు ఉంది. దీన్ని నమ్ముకుని బండిని ఓడ ఎక్కిస్తే కాలిఫోర్నియాలో చుక్కెదురు కావచ్చు. ఈ సడలింపులు రాష్ట్ర నిబంధనలకు వాటంతట అవే వర్తించవు. 1978కి ముందరి బండ్లకు మాత్రం ఉద్గార ప్రమాణాల చిక్కు లేదు.

మన దేశపు బండ్లు అక్కడ పనికిరావని దీని అర్థం కాదు. కాన్పూర్‌లోని ఎల్‌ఎంఎల్‌ కర్మాగారంలో తయారైన స్కూటర్‌ను షికాగోకు చెందిన ఒక సంస్థ 2003 నుంచి 'స్టెల్లా' పేరుతో అమెరికాలో విక్రయించింది. ప్రమాణాలకు తగినట్లు తయారుచేసి, ముందే ధ్రువీకరణ పొందడం వల్లనే అది సాధ్యమైంది. ఆ భారం వద్దనుకున్న వెస్పా తయారీదారు పియాజియో 1980ల మధ్యలో అమెరికా మార్కెట్‌ నుంచి తప్పుకొంది. 2000 ప్రాంతంలో ఫోర్‌స్ట్రోక్‌ ఇంజన్లతో తిరిగి వచ్చింది. తయారీదారు ఫ్యాక్టరీలో చేయవలసిన పనిని కొనుగోలుదారు మెకానిక్‌ షెడ్డులో చేయించలేడు.

భారం ఎవరిది?

ఇంత కఠినత్వం రిజిస్ట్రేషన్‌ దగ్గరే ఎందుకు? కార్ల మాదిరిగా ద్విచక్ర వాహనాలకు కాలిఫోర్నియాలో నిర్ణీత కాలానికోసారి పొగ పరీక్ష లేదు. మన దగ్గర ప్రతి బండికీ కాలుష్య ధ్రువపత్రాన్ని గడువు తీరగానే మళ్లీ తీసుకోవాలి. అక్కడ స్కూటర్‌ ఒకసారి రోడ్డెక్కితే అటువంటి తనిఖీ ఉండదు. కాబట్టి తొలి గుమ్మం దగ్గరే ఆపుతున్నారు. ఈ వాదనలో న్యాయం ఉంది. అయితే ఆ గుమ్మం దగ్గర నిలబడేది అమ్మినవాడు కాదు, అప్పటికే డబ్బు చెల్లించినవాడు.

2017లో మన దేశంలో జరిగింది ఇక్కడ పోల్చదగినది. బీఎస్‌-3 వాహనాల విక్రయాన్ని, రిజిస్ట్రేషన్‌ను ఏప్రిల్‌ 1 నుంచి నిషేధిస్తూ మార్చి 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటికి కంపెనీల వద్ద మిగిలిన సుమారు 8.24 లక్షల వాహనాల్లో 6.71 లక్షలు ద్విచక్ర వాహనాలే. భారీ తగ్గింపులతో షోరూములు రెండు రోజులు కిటకిటలాడాయి. మిగిలిన బండ్ల నష్టాన్ని ప్రధానంగా భరించవలసి వచ్చింది తయారీదారులు, డీలర్లు.

2025 జూన్‌లో కాలిఫోర్నియా కార్లు, భారీ వాహనాల నిబంధనలు కొన్నింటికి ఇచ్చిన ఫెడరల్‌ అనుమతులను అమెరికా కాంగ్రెస్‌ తీర్మానాల ద్వారా రద్దు చేశారు. దానిపై రాష్ట్రం కోర్టుకెక్కింది. దీంతో స్కూటర్లకూ అడ్డు తొలగిందని భావిస్తే పొరపాటే. నాటి రద్దు ఈ లేబుల్‌ నిబంధనకు సంబంధించినది కాదు.

అమ్మకం దశలోనే లేబుల్‌ తనిఖీని కట్టుదిట్టం చేస్తే సామాన్యుడి సొమ్ము నిలుస్తుంది. అంతవరకు డబ్బు చేతులు మారకముందే సీటు ఎత్తి లేబుల్‌ చదవడం, మైళ్ల మీటరు చూడటం, కాలిఫోర్నియాలో రిజిస్టర్‌ అవుతుందని అమ్మకందారు నుంచి రాతపూర్వకంగా హామీ తీసుకోవడం కొనుగోలుదారుల వంతు.