బడి గేటు దగ్గరే ఆగిపోవాలా?

మొన్న ఆదివారం గుడిలో భోజనాల దగ్గర ఒక మాట విన్నాను. డాలస్ ఉత్తర శివార్లలో ఉంటాం మేము. మా స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డులో ట్రస్టీగా ఉన్న ఒకావిడ ఈసారి ఆస్టిన్‌లోని టెక్సాస్ రాష్ట్ర ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్నారు. ఆ కబురు తెలిసిన ఒక పెద్దాయన పులిహోర తింటూ, "పిల్లల చదువు చూడమ్మా అని ఓటేస్తే, ఈవిడ ఆస్టిన్ దారి పట్టింది. బడిని నిచ్చెన చేసుకోవడం కాకపోతే ఏమిటిది?" అన్నారు. పంక్తిలో అందరూ తలలూపారు. ఊపినవాళ్లలో పిల్లల్ని ఇక్కడి పబ్లిక్ స్కూళ్లకే పంపే తల్లిదండ్రులున్నారు, అక్కడ పాఠాలు చెప్పే ఇద్దరు టీచర్లున్నారు. నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

ఆయనొక్కరి మాటే అయితే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. స్కూల్ బోర్డు అంటే చేతికి మట్టి అంటని సేవ, శాసనసభ అంటే బురద, ఈ గట్టు దాటి ఆ గట్టుకు వెళ్లేవాళ్లు స్వార్థపరులు అని చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. మనవాళ్లే కాదు, ఇక్కడివాళ్లూ అంతే. పైకి మర్యాదగా, బడి మీద ప్రేమతో అన్నట్టే ఉంటుంది ఈ మాట. కానీ బడికి ఇంతకంటే చేటు చేసే మాట ఇంకొకటి నాకు తెలియదు.

నిచ్చెన అన్నారు కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. టెక్సాస్‌లో స్కూల్ ట్రస్టీకి జీతం లేదు, ఇవ్వకూడదని చట్టం. మరి ఎక్కి చేరుకోబోయే చోట? రాష్ట్ర ప్రతినిధికి నెలకు 600 డాలర్లు, ఏడాదికి 7,200. సభ జరిగే రోజుల్లో భత్యం వేరే. బేసి సంవత్సరాల్లో 140 రోజులు ఆస్టిన్‌లో కాపురం పెట్టాలి, ఈలోగా సొంత ఉద్యోగం ఏమవుతుందో ఎవరి పాట్లు వాళ్లవి. పేరు కోసం, పలుకుబడి కోసం వెళ్లేవాళ్లు ఉండరని అనను. కానీ ఆవిడ డబ్బుకు ఆశపడిందనుకుని పంక్తిలో తలూపినవాళ్లకు ఈ లెక్క తెలిసి ఉండాల్సింది.

అసలు సంగతి ఇది కాదు. ఒక్కసారి స్కూల్ బోర్డు మీటింగులో కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. నేను నాలుగేళ్లుగా వెళుతున్నాను. వేదిక మీద ఏడుగురు ట్రస్టీలు, ఎదురుగా మైకు, పక్కన ఎర్ర అంకెల గడియారం. మాట్లాడదలచినవాళ్లు ముందే కార్డు నింపి ఇవ్వాలి, మనిషికి మూడు నిమిషాలు. ఒక రాత్రి ఒక తల్లి లేచింది. ఆమె కొడుకు రెండో తరగతి, మాటలు ఆలస్యంగా వస్తున్న పిల్లాడు. తరగతి గదిలో వాడి పక్కన కూర్చుని చూసుకునే సహాయకురాలి పోస్టు తీసేశారు. "పొద్దున్నే షూ వేయబోతే ఏడుస్తున్నాడు" అని ఆమె చెబుతుండగా గడియారం మోగింది. వేదిక మీద ఎవరూ నోరు విప్పలేదు. ఆమె కాసేపు అలాగే నిలబడి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

వెనక వరసలో ఎవరో "రాతి బొమ్మలు" అని గొణిగారు. వాళ్లు రాతి బొమ్మలు కారు. ముందుగా ప్రకటించిన అజెండాలో లేని విషయం మీద బోర్డు చర్చించకూడదని బహిరంగ సమావేశాల చట్టం చెబుతుంది. అడిగినదానికి ఉన్న సమాచారమో నియమమో చెప్పవచ్చు, తర్వాతి అజెండాలో చేరుద్దామనవచ్చు, అంతే. ఆ చట్టం చేసింది శాసనసభ. ఇప్పుడు పోటీ చేస్తున్న ఆవిడ ఆ రాత్రి వేదిక మీద చివరి కుర్చీలో ఉన్నారు. ఆ తల్లి తలుపు దాటేదాకా ఆవిడ ఆమెనే చూస్తూ ఉండడం నేను చూశాను.

ఆ తర్వాతి అంశం బడ్జెట్. ఆ పోస్టు ఎందుకు పోయిందో అక్కడ తెలిసింది. టెక్సాస్‌లో బడికి వచ్చే డబ్బు లెక్కంతా 'బేసిక్ అలాట్‌మెంట్' అనే ఒక అంకె మీద నడుస్తుంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని శాసనసభ దాన్ని నిర్ణయిస్తుంది. 2019లో 6,160 డాలర్లు చేశారు. తర్వాత కోవిడ్ వచ్చింది, గుడ్ల నుంచి బస్సు డీజిలు దాకా అన్నింటి ధరలూ పెరిగాయి, ఆ అంకె మాత్రం ఆరేళ్లు కదల్లేదు. ఖజానాలో డబ్బు లేక కాదు. 2023 సభ మొదలయ్యేసరికి రాష్ట్రం చేతిలో 32.7 బిలియన్ డాలర్ల మిగులు ఉందని ప్రభుత్వ లెక్కల అధికారే ప్రకటించారు. ఆ ఏడాది బడుల డబ్బును, ప్రైవేటు స్కూళ్ల ఫీజుకు ప్రభుత్వ డబ్బిచ్చే వోచర్లతో ముడిపెట్టారు. నవంబరులో ప్రతినిధుల సభ 84–63 ఓట్లతో వోచర్లను బిల్లులోంచి తీసేసింది. బిల్లే మూలపడింది, బడుల డబ్బూ దాంతోపాటే పోయింది. 2025లో వోచర్లకు బిలియన్ డాలర్లతో చట్టం వచ్చింది. బడులకూ టీచర్ల జీతాల వంటివాటికి పెద్ద మొత్తమే కేటాయించారు, అది కాదనను. కానీ ఏ బడి అవసరానికి ఆ బడి వాడుకోగల ఆ మూల అంకెకు కలిపింది 55 డాలర్లు.

ఇంకొకటి. 2023లోనే ప్రతి బడిలో సాయుధ కాపలా ఉండాలని చట్టం చేశారు. ఉవాల్డే బడిలో కాల్పుల ఘోరం తర్వాత ఆ భయం ఎవరికి లేదు? కానీ దానికి అప్పుడు ఇచ్చింది బడికి 15,000 డాలర్లు, పిల్లాడికి 10 డాలర్లు. ఆ డబ్బుతో ఒక ఆఫీసరును ఏడాది పొడవునా పెట్టుకోవడం కుదరలేదు. మిగతాది డిస్ట్రిక్టే వెతుక్కోవాల్సి వచ్చింది. కుండ కూడు కుండలో ఉండాలి, పిల్లవాడు దుడ్డులా ఉండాలి అంటే ఎలా? చివరికి తెగేది ఆ రెండో తరగతి గదిలో సహాయకురాలి పోస్టే. ఆ కోత మీద సంతకం పెట్టేది ట్రస్టీలు, తిట్లు తినేదీ వాళ్లే. ముడి వేసినవాళ్లు రెండు వందల మైళ్ల అవతల ఉంటారు.

ఏళ్ల తరబడి ఆ ముడిని చేత్తో తడిమి చూసిన మనిషి, విప్పడానికి అది వేసిన చోటికే వెళతానంటోంది. వద్దని ఎలా అంటాం?

"బడిలోకి రాజకీయాలు రాకూడదు" అని ఇంకో మాట. అమెరికా రాజ్యాంగంలో చదువు ఊసే లేదు, అది రాష్ట్రాల చేతిలోది. టెక్సాస్ రాజ్యాంగం ఏడో అధికరణం మొదటి సెక్షన్ ఉచిత పబ్లిక్ స్కూళ్లను పోషించే బాధ్యతను నేరుగా శాసనసభ మీదే పెట్టింది. అంటే బడి పుట్టిందే ఆ సభ ఒళ్లో. అక్కడి కుర్చీల్లో ఎవరో ఒకరు కూర్చుని మన పిల్లల సంగతి తేలుస్తూనే ఉంటారు. బడి తెలిసినవాళ్లను మనమే గేటు దగ్గర ఆపేస్తే, తెలియనివాళ్లే తేలుస్తారు.

ఈ దారి కొత్తదీ కాదు. జార్జియాలో ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో వేరుశనగ వ్యాపారి ఒకాయన 1950ల మధ్యలో సమ్టర్ కౌంటీ స్కూల్ బోర్డులో చేరాడు. పేరు జిమ్మీ కార్టర్. నల్లపిల్లల బళ్లు వేరు, తెల్లపిల్లల బళ్లు వేరు అయిన కాలం. తెల్లపిల్లలు బస్సుల్లో వెళుతున్నారనీ, నల్లపిల్లలు నడిచి వెళుతున్నారనీ తనకు తట్టడానికే బోర్డులో చేరాక కొన్ని నెలలు పట్టిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అదే ఊళ్లో పుట్టి, అదే మట్టిలో నల్లపిల్లలతో ఆడుకుని పెరిగిన మనిషి! బోర్డు కుర్చీలో కూర్చుని బస్సుల లెక్క చూస్తే తప్ప ఆ రోడ్డు ఆయన కళ్లకు కనబడలేదు. బోర్డు చేసే మేలు ఇదే. కళ్లెదుట ఉన్నదాన్ని లెక్కల్లో పెట్టి చూపిస్తుంది.

కార్టర్‌ను దేవుణ్ణి చేయను. ఆయన కూర్చున్నంత కాలమూ ఆ బోర్డు రెండు రకాల బళ్లనే నడిపింది. నల్ల, తెల్ల పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టిన బడికి నిధులు ఆపేయాలని జార్జియా శాసనసభ చట్టాలు చేసి పెట్టింది. ఆ చట్టాలను ధిక్కరించి నిలబడిన మనిషి కాదు ఆయన. చేయగలిగింది చేయబోయి ఓడిపోయాడు. 1961లో బోర్డు అధ్యక్షుడిగా పట్నం బళ్లనూ కౌంటీ బళ్లనూ కలిపేద్దామని ఓటింగుకు పెడితే, దీని చాటున నల్లపిల్లల్ని తెచ్చి కలిపేస్తారన్న భయంతో కౌంటీ జనం తిప్పికొట్టారు. ఆయన సొంత ఊరు కూడా. నల్లవాళ్లను తిట్టే మాట పక్కన కార్టర్ పేరు చేర్చి రాసిన అట్ట ఒకటి ఆయన గోదాము తలుపు మీద వెలిసింది.

మరుసటి ఏడాది, 1962 అక్టోబరు 1. ఆయనకు ముప్పై ఎనిమిది నిండిన రోజు. పొద్దున్నే పనిబట్టలు కాకుండా మంచి ప్యాంటు తొడుక్కుంటుంటే, ఎవరైనా పోయారా అని భార్య రోజలిన్ అడిగిందట. రాష్ట్ర సెనేటుకు పోటీ చేస్తున్నానని అప్పుడు చెప్పాడు. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీకి ఉన్నది పదిహేను రోజులే. క్విట్‌మన్ కౌంటీలో జార్జ్‌టౌన్ అనే ఊరి పెట్టెలో 333 మంది ఓటేస్తే 420 బ్యాలెట్లు తేలాయి. చచ్చిపోయినవాళ్లూ ఓటేశారు. ఓడిపోయావు పో అన్నారు. ఆయన పోలేదు. కోర్టుకెళ్లాడు, ఆ పెట్టెను పక్కన పెట్టించాడు, సెనేటులో అడుగుపెట్టాడు. వెళ్లి అడిగి మరీ విద్యా కమిటీలో కూర్చున్నాడు. ఓటేసే ప్రతి బిల్లూ చదువుతానని మాటిచ్చి, దాని కోసం వేగంగా చదవడం నేర్పే కోర్సులో చేరాడు. నల్లవాళ్లను ఓటుకు దూరం పెట్టడానికి అడిగే ముప్పై ప్రశ్నల పరీక్షకు ఎదురు మాట్లాడాడు. తర్వాత గవర్నరు, దేశాధ్యక్షుడు. 1979లో ఫెడరల్ విద్యాశాఖకు ప్రాణం పోసిన సంతకం ఆయనదే. సమ్టర్ కౌంటీలో ఆనాడెవరో "నీకు బోర్డు చాలదా" అనే ఉంటారు.

మనం పుట్టి పెరిగిన ఊళ్లలో ఏమనేవాళ్లం? సర్పంచిగా మొదలై, జడ్పీటీసీ అయి, ఎమ్మెల్యే అయితే "కిందినుంచి వచ్చినవాడు, జనం బాధ తెలిసినవాడు" అని మెచ్చుకునేవాళ్లం. అదే దారి ఇక్కడ ఒక స్కూల్ ట్రస్టీ పడితే పదవీకాంక్ష ఎలా అయింది? విద్యాహక్కు చట్టం వచ్చాక మన ఊరి బడికీ యాజమాన్య కమిటీ ఉంది, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. లెక్కల మాస్టారు లేరని ఆ కమిటీ ఎన్ని తీర్మానాలైనా రాస్తుంది. డీఎస్సీ వేయాల్సింది మాత్రం ప్రభుత్వం. ఆ కమిటీలో కూర్చున్న తల్లి ఒకామె రేపు అసెంబ్లీకి నిలబడితే నేను పండగ చేసుకుంటాను.

"బడి తప్ప ఆవిడకేం తెలుసు?" అని ఒకాయన అన్నారు. ఆ బడి పనిలో ఏమేముందో ఆయన చూడలేదు. ఇళ్ల మీద పన్ను, బాండ్లు, భవనాలు, బస్సుల రూట్లు, వేలమంది ఉద్యోగుల ఆరోగ్య బీమా, కోర్టు కేసులు... మొదటిసారి శాసనసభకు నిలబడేవాళ్లలో ఎంతమంది ఇన్నింటి మీద, ముందున్నవాళ్ల ముఖాలు చూస్తూ, ఓటేసి ఉంటారు?

ఒక్క అభ్యంతరం మాత్రం నేను తోసిపుచ్చను. టెక్సాస్‌లో స్కూల్ బోర్డు ఎన్నికలు చాలాచోట్ల పార్టీ గుర్తు లేకుండా జరుగుతాయి, శాసనసభకు పార్టీ కావాలి. బోర్డులో ఉండగానే పై ఎన్నికల మీద కన్నేసి, చప్పట్ల కోసం లైబ్రరీ పుస్తకాల మీద గొడవలు లేపి, బడ్జెట్ పేజీ తిప్పనివాళ్లను నేనూ చూశాను. వాళ్లకు ఓటు వేయవద్దు. ఎవరు ఎలాంటివాళ్లో తెలుసుకోవడం కష్టం కాదు. బోర్డు మీటింగుల వీడియోలున్నాయి, మినిట్స్ ఉన్నాయి, ఏ కోతకు ఎవరు చెయ్యెత్తారో రాసి ఉంది. ఏ అభ్యర్థి గురించీ ఇంత సాక్ష్యం ముందుగా మన చేతికి దొరకదు. అది చూడకుండా, పోటీ చేయడమే తప్పన్నట్టు తలూపడం మీదే నా గొడవంతా.

ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం. పౌరసత్వం ఉండి కూడా ప్రైమరీ అంటే మనది కాదనుకునే ఇళ్లు మా వీధిలోనే చాలా ఉన్నాయి. ఆ పెద్దాయనది కూడా. వచ్చే ఆదివారం ఆయన పక్కనే కూర్చుంటాను. "బాబాయిగారూ, ఆవిడ శనివారం లైబ్రరీకి వస్తోందట, వెళదాం రండి" అని అడుగుతాను. వస్తే ఇద్దరం కలిసి, రాకపోతే నేనొక్కదాన్నే వెళ్లి ఆవిడను ఒక ప్రశ్న అడుగుతాను: ఆ రెండో తరగతి పిల్లాడి పక్కన కుర్చీలోకి ఆ సహాయకురాలు మళ్లీ రావాలంటే ఆస్టిన్‌లో ఏ అంకె మారాలి, ఎంతకు మారాలి, దానికి మీరు ఏ బిల్లు పెడతారు?